నీడతో పాటు చెరిపేసిన గీతలు

పోయిన శీతాకాలం మనవరాలు హారిక పట్టుబట్టి నన్ను అరకు తీసుకువెళ్ళింది. వలిసె పూలు విరగబూసి లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. రోడ్డు పక్కన ఒక రైతు, ఫొటోలు తీసుకునేవాళ్ళ కోసం తన చేలో వెదురు మంచె ఒకటి కట్టి పెట్టాడు. హారిక నన్ను ఆ మంచె ముందు పూల మధ్యలో నిలబెట్టి ఫోనుతో ఫొటో తీసింది. అది మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తి మీద నిలువునా పడుతోంది. ఆ వేళప్పుడు ఫొటో తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు కానీ, అడగకుండా చెప్పడం మానేసి చాలా కాలమైంది. అనుకున్నట్టే కళ్ళ దగ్గర రెండు గోతులు, ముక్కు కింద మీసంలాంటి నీడ. "అమ్మమ్మా, నీకు మీసాలొచ్చాయి" అని నవ్వుతూ హారిక తెర మీద వేలితో ఒకసారి అటూ ఇటూ రాసింది. నీడలు పోయాయి. నేను కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాను. నీడలతో పాటు నా కుడి చెంప మీద పుట్టినప్పటి నుంచీ ఉన్న మచ్చ కూడా పోయింది. అదేమిటే అంటే, "మరక అనుకుని ఫోనే తీసేసింది అమ్మమ్మా, మంచిదేగా" అంది. తిరుగు ప్రయాణంలో నేను పెద్దగా మాట్లాడలేదు. అలసిపోయాననుకుంది పిల్ల. నిజానికి నేను అప్పటికే పార్వతీపురంలో, తూర్పు కిటికీ పక్కన, చేతిలో పెన్సిలుతో కూర్చుని ఉన్నాను. ఆ పిల్ల వేలితో చేసిన పని నేను నాలుగేళ్ళపాటు పెన్సిలుతో చేశాను. బాగా చేశాను కూడా. అంత బాగా చెయ్యడం వల్లే ఒక మనిషి కొండను పోగొట్టుకోబోయింది.

మా ఇల్లంటే మా పెదనాన్న ఇల్లు. వాళ్ళకి పిల్లల్లేరని, నాకు పదేళ్ళప్పుడు మా నాన్నని అడిగి తెచ్చుకున్నారు. వీధి గదిలో స్టూడియో, నడవలో మా మంచాలు, పెరట్లో వంటపాక, దానికి ఆనుకుని నీళ్ళగది. పగలు ఆ నీళ్ళగదే ఫొటోలు కడిగే చీకటి గది. అందుకని మా ఇంట్లో తెల్లారేసరికి అందరి స్నానాలూ అయిపోవాలి. పెద్దమ్మ కోడి కూయక ముందే లేచి కాగు కింద పుల్లలు ఎగదోసి, "సత్తీ, బేగి నీళ్ళు పోసీసుకో. మీ పెదనాన్న లోపలికెల్లాడంటే మరి సాయంత్రం దాకా తలుపు తియ్యడు" అని కేకేసేది. నా పేరు సత్యవతి. ఆ ఇంట్లో ఎవరూ నన్ను అలా పిలవలేదు. ఆయన లోపలికి వెళ్ళాక తలుపు సందుల్లోంచి పుల్లటి ఘాటు వాసన వచ్చేది. పక్కనే పెద్దమ్మ పెట్టే చింతపండు పులుసు వాసన దానితో కలిసిపోయి, ఏది ఫొటో మందో ఏది కూరో తెలిసేది కాదు. నాకు ఈ వయసులో కూడా ఎక్కడైనా పులుసు పొంగుతుంటే, పక్కన ఎవరో ఫొటోలు కడుగుతున్నారనిపిస్తుంది.

కడిగిన ఫొటోలు నడవలో తాడు మీద ఆరేవి. ఒక పక్క మా చీరలు, ఒక పక్క ఊరివాళ్ళ ముఖాలు. మేం వాటి కిందే కూర్చుని అన్నాలు తినేవాళ్ళం. పెద్దమ్మ గడప దాటి ఎక్కడికీ వెళ్ళే మనిషి కాదు గానీ, ఆ తాడు పుణ్యమా అని పార్వతీపురం తాలూకాలో సగం మంది ఆమెకు తెలుసు. వడ్డిస్తూ వడ్డిస్తూ తలెత్తి, "ఈ బాబు ఏటో బెంగ పెట్టుకున్నాడు", "ఈ గుంటకి పెళ్ళి ఇష్టం లేదు, కళ్ళు సూడు" అని చెప్పేది. తర్వాత విచారిస్తే చాలాసార్లు నిజమయ్యేది కూడా. పెదనాన్నకి ఇంకో అలవాటు ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా రెండు వేళ్ళతో వాళ్ళ గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తేవాడు. ఫొటోకి వచ్చినవాళ్ళకి సరే, మా ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా అంతే. ఒకసారి పెద్దమ్మ వాళ్ళ అన్నగారి గడ్డం అలాగే ఎత్తితే, ఆయన అలిగి భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

నాకు చదువు పదితో ఆగింది. ఆగిపోయిందని నేను బాధపడలేదు, ఎందుకంటే అప్పటికే నా చేతికి పని దొరికింది. నెగెటివులు దిద్దడం. తూర్పు కిటికీ పక్కన ఏటవాలు బల్ల ఒకటి ఉండేది. దాని మధ్యలో గరుకు అద్దం, కింద వెలుతురు పైకి కొట్టడానికి మామూలు ముఖం చూసుకునే అద్దం. నెగెటివును ఆ గరుకు అద్దం మీద పెట్టి చూస్తే అంతా తిరగబడి ఉంటుంది. మనిషి ముఖం మీద నల్లగా పడిన నీడ అక్కడ తేటగా నీళ్ళలా కనిపిస్తుంది. ఆ తేట మీద, గరుకు కాగితానికి రుద్ది సూదిలా చేసుకున్న పెన్సిలు మొనతో, తగిలీ తగలనట్టు పొడి గీతలు పెట్టుకుంటూ పోవాలి. ఫొటో వేశాక అక్కడ నీడ పలచబడుతుంది. ఒక్క గీత బరువెక్కితే చెంప మీద తెల్ల మచ్చ తేలుతుంది. ఊపిరి బిగబట్టి చేసే పని అది. మొటిమలు, మశూచి మచ్చలు, కళ్ళ కింద వలయాలు, ముక్కు నీడలు, అన్నీ నా పెన్సిలు కిందికి వచ్చి మాయమయ్యేవి. పెళ్ళికూతుళ్ళ తల్లులు స్టూడియోకి వచ్చి, "ఆ గుంట చేతే దిద్దించండి" అని పెదనాన్నతో చెప్పి వెళ్ళేవారు. పద్దెనిమిదేళ్ళకి నా పనిలో నన్ను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. ఇది గొప్పకి చెప్పడం కాదు, అప్పట్లో అందరూ అన్న మాటే.

అలా ఉండగా, కొండల మీద పోడు చేసుకునేవాళ్ళకి భూమి పుస్తకాలు ఇస్తున్నారని, ఒక్కొక్క పుస్తకానికీ ఫొటో కావాలని కబురొచ్చింది. గుమ్మలక్ష్మీపురం సంత రోజున అక్కడి బడిలో రెవెన్యూ వాళ్ళు క్యాంపు పెట్టారు. పెదనాన్న బస్సెక్కి వెళ్ళి సంత పక్కన రెండు వెదురు కర్రలకి నీలం దుప్పటి కట్టి, ముందు ఒక స్టూలు వేశాడు. కొండలు దిగి వచ్చిన జనం వరసలో నిలబడ్డారు. పది గంటలకి మొదలుపెడితే మధ్యాహ్నం రెండు దాకా కెమెరా దించలేదట. ఎండ నెత్తి మీద ఉంది, ముఖాల మీద నీడలు పడుతున్నాయి. ఆయనకి తెలియక కాదు. వరస కదలాలి. సంత ఎత్తేసేలోగా అందరూ కొండెక్కాలి. ఎవరో "బాబూ, మొకమంతా నల్లగా వత్తదేటో" అంటే, "దాన్ని ఇంటికాడ మా సత్తి సూసుకుంటాది" అన్నాడట. ఆ మాట ఆ రాత్రి నాకు చెప్పినప్పుడు నేను పొంగిపోయాను.

ఆ వారం నేను గోరంత గోరంత ముఖాలు దిద్దుతూనే ఉన్నాను. కళ్ళ గోతులు పూడ్చాను, ముక్కు నీడలు తీశాను. వాటిలో ఒకావిడ ముఖం ఇప్పటికీ గుర్తు. నలభై ఐదేళ్ళు దాటిన సవర ఆవిడ. నుదుటి మధ్య నుంచి ముక్కు కొస దాకా పచ్చబొట్టు గీత. గడ్డం మీద మరో మూడు గీతలు, కానీ అవి నీడలో సగం కలిసిపోయాయి. గడ్డం మీదివి నీడ అనుకున్నానంటే నన్ను క్షమించవచ్చు. నుదుటి మీది గీత నాకు స్పష్టంగా కనిపించింది. అది పచ్చబొట్టని తెలుసు. సంత రోజుల్లో మా వీధిలో అలాంటి ముఖాలు ఎన్నో చూశాను. అయినా నా చెయ్యి ఆగలేదు. ఫొటోలో శుభ్రంగా ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాను. పది నిమిషాలు కూర్చుని, ఆ గీతనీ గడ్డం మీది మూడింటినీ నీడలతో పాటు తీసేశాను. తాడు మీద ఆరేసినప్పుడు పెద్దమ్మ చాలాసేపు చూసి, "ఈవిడేటే, మనిసి లేని ఇల్లు లాగుంది" అంది. నేను పట్టించుకోలేదు.

తర్వాతి సంత నుంచి పెదనాన్న వచ్చి కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని కూడా కంచం ముట్టలేదు.

"ఏటయినాది?" అంది పెద్దమ్మ.

"ఒక ఫొటో తిప్పికొట్టీసారు. ఫొటోలో మనిసీ, ఎదురుగున్న మనిసీ ఒకలు కాదంట. ఆదెమ్మని ఒకావిడ. పెనిమిటి పోయాడు. మరిది ఆ కొండ చెక్క నాదే అని పక్కనే నిలబడ్డాడు. ఇది మా వదిన కాదు బాబూ, ఎవులో అని గుమస్తాకి వాడే సెప్పేడు." జేబులోంచి ఫొటో తీసి నా ముందు పెట్టాడు. ముఖం నున్నగా, తెల్లగా, ఎక్కడా ఒక్క గీత లేకుండా ఉంది. నా పనితనం నాకే తెలుస్తోంది. "గీతలు ఏమయ్యాయి సత్తీ?" అన్నాడు.

తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. మర్నాడు దూదిని మందులో ముంచి ఆ నెగెటివు మీది పెన్సిలంతా తుడిచేశాను. నాలుగేళ్ళలో నేను చేసిన పనిని నేనే తుడవడం అదే మొదటిసారి. కొత్త ఫొటో వేసి చూస్తే, నుదుటి గీత వచ్చింది కానీ ముఖం రాలేదు. కళ్ళు రెండు చీకటి గోతులు. ముక్కు నీడ పెదాల మీద, గడ్డం నీడ మెడ మీద, మధ్యలో ఆ మూడు గీతలు ఎక్కడున్నాయో తెలియదు. నీడ ఉంచితే మనిషి లేదు, నీడ తీస్తే గీత లేదు. రెండూ నలుపే, రెండూ ఆ గోరంత చోటులోనే ఉన్నాయి. ఒకదాన్ని వదిలి ఒకదాన్ని తియ్యడం నా పెన్సిలు వల్ల కాలేదు. మూడుసార్లు ప్రయత్నించి చేతులెత్తేశాను. అదే ఫొటో పట్టుకుని పెదనాన్న ఆ వారం సంతకి వెళ్ళాడు. గుమస్తా చూసి, ఈ ముఖం ఎవరిదైనా కావచ్చు, వచ్చే సంత ఆఖరు, తర్వాత క్యాంపు ఉండదు అని చెప్పాడు. ఆదెమ్మ మూడుసార్లు కొండ దిగి, మూడు రోజులు పని పోగొట్టుకుంది. పెదనాన్న స్టూలు చూపించి మళ్ళీ కూర్చోమంటే కూర్చోలేదట.

"మరి నాను దిగను. కళ్ళంలో పంట ఉంది. సెరిపినోలినే మా గూడకి రమ్మను. సెరిపినోలే ఎట్టాల" అని వెళ్ళిపోయిందట.

పెదనాన్నకి ఆ వారమంతా పెళ్ళిళ్ళున్నాయి. బయానా తీసుకుని ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. బీరువాలోంచి తన పాత కెమెరా తీసి నా ఒళ్ళో పెట్టాడు. స్టూడియోలో ఆయన చెప్పినట్టు మీట నొక్కడమే తప్ప, బయట ఎండలో నేను ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. "నానెలా తియ్యగలను పెదనాన్నా?" అన్నాను. "ఎక్కడ నీడ పడతాదో నీకంటె బాగా ఎవులికి తెలుసు? నాలుగేళ్ళు దాని మీదే కూకున్నావు కదా" అన్నాడు. ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపడం అని ఆలోచిస్తుంటే, పెద్దమ్మ మడత చీర తీసి కట్టుకోవడం మొదలుపెట్టింది. మేమిద్దరం తెల్లబోయాం. "నానెల్తాను దానితో. ఆవిడ మన తాడు మీద మూడ్రోజులు వేలాడింది. సూడాల" అంది.

గుమ్మలక్ష్మీపురంలో బస్సు దిగి, దారి తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళ వెంట నడిచాం. గెడ్డ నీళ్ళు దాటాక అంతా ఎక్కుడు. జీడిమామిడి తోటలు, కంది చేలు, మధ్యలో అనాస మొక్కలు. పెద్దమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూనే, దారిన పోయే ప్రతి మనిషి ముఖం చూసి, "ఈవిడ మనింటికి వచ్చింది", "ఈ బాబుదీ మనమే తీసాం" అని గుర్తుపడుతోంది. గూడ చేరేసరికి మళ్ళీ మిట్టమధ్యాహ్నమే అయింది. పాతిక ఇళ్ళుంటాయేమో. ఎర్రమట్టి గోడలు, కిందికి దిగిన గడ్డి చూర్లు. ఒక ఇంటి ముందు కళ్ళంలో సామలు ఆరబోసి, ఆదెమ్మ కాలితో సాళ్ళు తీస్తోంది. ఆమెని చూడగానే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒలమ్మ, ఈవిడేనేటి? ఫొటోలో ఇలా లేదే" అంది.

ఆదెమ్మ పని ఆపలేదు. "ఎవులు?" అంది.

"ఫొటో స్టూడియో నుంచి వచ్చాం అప్పా" అన్నాను.

"సెరిపినోలు ఏరి?"

"నానే."

అప్పుడు ఆగింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది. కోపంగా ఉంటుందనుకున్నాను. ఆమె ముఖంలో ఉన్నది ఆశ్చర్యం. "నువ్వా? ఇంత గుంటవి! సెరిపేసిన గుంటకి సేతులు నొప్పెట్నాయా?" అంది. ఆమె గడ్డం మీది గీతల్ని వేలితో చూపిస్తూ చెప్పింది. "నాకు ఇంకా పెళ్ళవనప్పుడు మాయమ్మ నన్ను కూకోబెట్టి ఎట్టించినాది. మూడ్రోజులు మొకం వాసిపోనాది. గంజి కూడా మింగలేదు. ఏడిస్తే మాయమ్మ ఏటన్నాదంటే, నువ్వు సచ్చి పైకొస్తే ఇన్ని మొకాల్లో నానెలా ఆనవాలు కట్టేది, ఈ గీతలు సూసే గదా అన్నాది. నాను మూడ్రోజులు ఏడ్సి ఎట్టించుకున్నాది నువ్వు ఎంత సేపట్ల తీసీసినావు?"

"పది నిమిషాలు" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. "తప్పయిపోయింది అప్పా. మచ్చలు తీస్తే బాగుంటుందనుకున్నాను."

"మచ్చలేటే? ఇవి మచ్చలా?"

పెద్దమ్మ కల్పించుకుంది. "అది సిన్నగుంట ఆదెమ్మా. తప్పు సేసినాది, తిన్నగా నీ గుమ్మంలోకే వొచ్చీసింది. నానూ వొచ్చీసినాను, ఇంట్లోంచి కదలని దాన్ని. ఇంక తియ్యనీ" అంది. ఆదెమ్మ సాళ్ళు తీయడం వదిలేసి కళ్ళం మధ్యలో నిటారుగా నిలబడింది. "తియ్యి. బేగి తియ్యి."

కెమెరా గుండెకి ఆనించుకుని, పైనుంచి గాజులోకి తొంగి చూశాను. అవే కళ్ళ గోతులు, అదే ముక్కు నీడ. గోరంత నెగెటివులో నేను వారమంతా పోట్లాడిన నీడలన్నీ ఎదురుగా నిలబడ్డాయి. అటు తిరగమన్నాను, ఇటు తిరగమన్నాను. తల పైకెత్తమంటే ఎండకి కళ్ళు మూసుకుంటోంది. కాసేపటికి ఆమెకి విసుగొచ్చింది. "నీళ్ళు తాగొత్తాను ఉండు" అని చూరు కింద అరుగు మీదికెళ్ళి, సొరబుర్రతో నీళ్ళు ఒంపి పెద్దమ్మకి ఇచ్చి, తనూ తాగడానికి కూర్చుంది. నేను ఓడిపోయినదానిలా చూస్తున్నాను. అప్పుడు చూశాను. చూరు ఎండని పైనే ఆపేసింది. ఎదురుగా ఆకాశం తెరుచుకుని ఉంది. కళ్ళంలో ఆరబోసిన సామల మీద పడిన ఎండ మెత్తగా లేచి ఆమె ముఖం మీదికి వెళ్తోంది. కళ్ళలో గోతులు లేవు. ముక్కు కింద మీసం లేదు. నుదుటి గీత, గడ్డం మీది మూడు గీతలు, చెంప ఎముక, కంటి కొసల ముడతలు, దేనికదే స్పష్టంగా ఉంది. నేను నాలుగేళ్ళు పెన్సిలుతో చేసిన పనిని ఆ చూరూ ఆ గింజలూ ఒక్క గీత గీయకుండా చేసి పెట్టాయి.

"అలాగే ఉండప్పా. కదలకు" అన్నాను.

"నీళ్ళు కూడా తాగనీవేటి?" అంది.

మోకాళ్ళ మీద కూలబడి, కెమెరాని నా మోకాలికి ఆనించాను. నీడలో తీసేటప్పుడు వెలుతురు తలుపు బాగా తెరవాలని, ఊపిరి బిగబట్టి నొక్కాలని పెదనాన్న చెప్పిన మాటలు లోపల చదువుకున్నాను. మొదటిసారి ఆమె సొరబుర్ర దించలేదు. రెండోసారి పెద్దమ్మ ఏదో అంటే నవ్వింది. మూడోసారి నవ్వు ఇంకా కళ్ళలో ఉండగానే పెదాలు కలిపి, నా వైపు తిన్నగా చూసింది. అది చాలని నాకు తెలిసిపోయింది. రీలు కడగక ముందే, ఫొటో వెయ్యక ముందే, ఆ కొండ మీదే తెలిసిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా కెమెరా పట్టుకున్నాను. ఆ తెలిసిపోవడం ఒక్కోసారి రోజుకి పదిసార్లు వచ్చేది, కానీ మొదటిసారి వచ్చింది అక్కడ. ఆదెమ్మ మమ్మల్ని చోడి అంబలి తాగించి పంపింది. దిగేటప్పుడు పెద్దమ్మ అలసిపోయి కూడా హుషారుగా ఉంది. తాడు మీద చూసినవాళ్ళని నడుస్తూ చూడడం ఆమెకి కొత్త.

ఆఖరు సంతకి పెదనాన్నతో పాటు వెళ్ళి ఫొటో నేనే పట్టుకెళ్ళాను. దాని మీద పెన్సిలు తగలనివ్వలేదు. ఆదెమ్మ మాట మార్చుకుని దిగివచ్చింది. బడి గదిలో గుమస్తా ఫొటో తీసుకుని, ఆమెని చూసి, మళ్ళీ ఫొటోని చూసి, గడ్డం మీది గీతల్ని పెన్ను మొనతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. వెనక నిలబడ్డ మరిదిని, "ఈవిడ మీ వదినేనా?" అని అడిగాడు. అతను నేల చూపులు చూస్తూ, "ఆవిడే బాబూ" అన్నాడు. పుస్తకం మీద ఫొటో అంటించి ముద్ర కొట్టారు. ఆదెమ్మ అందులో ఏం రాశారో చదవలేదు. ఫొటో ఒక్కటే చాలాసేపు చూసింది.

ఇప్పుడు నా దగ్గరికి పెళ్ళి ఫొటోలు తీసే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు వస్తారు. నీడల గురించి అడుగుతారు. అప్పటి రోజులే మంచివని నేను వాళ్ళకి చెప్పను. అప్పుడు మేం చేసిన తప్పు దిద్దుకోవడానికి వారాలు పట్టింది, ఒక మనిషి కొండ దిగీ ఎక్కీ అలసిపోయింది. ఇప్పుడైతే తీసిన క్షణంలోనే తెరమీద కనిపిస్తుంది, వద్దనుకుంటే మళ్ళీ తియ్యవచ్చు. ఆ సదుపాయం మాకుంటే నేను ఎగిరి గంతేసేదాన్ని. తేడా అంతా ఒక్కచోట ఉంది. తర్వాత చూసుకుందాంలే అనే మాట ఇప్పుడు మరీ చవకైపోయింది. మా పెదనాన్న ఆ మాట అంటే, ఇంటి దగ్గర ఒక మనిషి కూర్చుని, ఏది తీస్తున్నానో కళ్ళారా చూసి తీసేది. తప్పు చేస్తే ఆ మనిషిని కొండెక్కించి నిలదీయవచ్చు. ఇప్పుడు తీసేది ఎవరో, ఏది తీస్తున్నారో తెలియదు. అందుకని నేను కుర్రవాళ్ళకి చెప్పేది ఒక్కటే. ముందు మనిషిని జరపండి, తర్వాత వేలు జరపండి. చూరు కిందికి జరపండి, చెట్టు నీడలో ఆకాశం వైపు తిప్పండి, ఎదురుగా తెల్లటిది ఏదైనా పరచండి. ఆ పైన కూడా తీసెయ్యాల్సిందేదైనా ఉంటే, ఆ మనిషినే అడిగి తీసెయ్యండి. ఈ విషయంలో నాకు సందేహాలు లేవు.

ఆ రోజు గుమస్తా ముద్ర కొట్టాక మేం బయటికి వచ్చేసరికి, ఆదెమ్మ పుస్తకం వరండాలో చేతులు మారుతోంది. గూడల నుంచి వచ్చిన ఆడవాళ్ళు దాన్ని చూస్తున్నారు, తమ పుస్తకాలు తెరిచి పక్కన పెట్టుకుని చూస్తున్నారు. వాళ్ళ ఫొటోలు గుమస్తా ఒప్పుకున్నవే. వాటికి మరుదులెవరూ అడ్డు రాలేదంతే. ఒకావిడ తన పుస్తకం పెదనాన్న ముందు చాపి, "బాబూ, నా గీతేదీ?" అంది. ఇంకొకావిడ, "నా సుక్కలేవీ?" అంది. పెదనాన్న నన్ను చూశాడు. అవన్నీ నా చేతి పనే. నాలుగు ముఖాలు కాదు, వరండా నిండా ఉన్నాయి.

"మళ్ళీ తీద్దాం పెదనాన్నా, అందరివీ. పుస్తకాల్లోకి ఎక్కకపోతే ఇళ్ళల్లో పెట్టుకుంటారు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా రావడం నాకే వింతగా ఉంది.

"ఇప్పుడా? ఈ ఎండలోనా? ఇక్కడ సామలెవులు పరుత్తారే?" అన్నాడు.

ఆ రోజూ ఆయన కట్టిన నీలం దుప్పటి వైపు నేను చూడలేదు. స్టూలు తెచ్చి బడి వరండాలో, చూరు అంచుకి రెండడుగులు లోపలికి వేశాను. పెదనాన్న భుజం మీది తెల్లటి పైపంచె తీసి విప్పి, ఆయన చేతుల్లోనే పెట్టి, స్టూలు ముందు ఎండలో నిలబెట్టాను. మొదటావిడ వచ్చి కూర్చుంది. గాజులోకి చూస్తే కళ్ళ కింద ఇంకా కొంచెం చీకటి ఉంది. తాలూకా అంతటా అందరి గడ్డాలూ ఎత్తిన మా పెదనాన్న, రెండు చేతులా పంచె పట్టుకుని, నా వైపు చూస్తూ అడిగాడు.

"ఇలా సాలేటమ్మా, ఇంకా కిందికి దించాలా?"

"ఇంకొంచెం దించు పెదనాన్నా" అన్నాను. ఆయన దించాడు.